చూసొచ్చే మనిషి

ఆ వేసవిలో మా పెద్దమ్మ తొమ్మిది వారాలు మా ఇంట్లోనే ఉంటూ నా మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే నన్నడిగేది. ఉప్పు సీసా వెండెల్ చేతి పక్కనే ఉండేది. అతను తీసి టేబుల్ మీద ముందుకు జరిపేవాడు. ఆమె చెయ్యి వెయ్యకుండా నా వైపు చూసేది. నేను అందుకుని ఇచ్చేదాన్ని.

పెద్దమ్మ పేరు ఇడెల్లా పారిస్. డెబ్భై ఒక్కేళ్ళు. పోర్ట్ కారిక్ ఊరి స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు వంట చేసింది, ఊళ్ళో సగంమందికి చిన్నప్పుడు చేపల పులుసు పోసిన చెయ్యి. మా వాళ్ళు ఉండేది వెనక రోడ్డులో. మ్యాపులో దానికి వేరే పేరుంది కానీ ఎవరూ వాడరు. ఈ నోవా స్కోషియా తీరానికి మా నల్లవాళ్ళు వచ్చిన రోజు నుంచీ మాది ఆ రోడ్డే. వాగు మీద చిన్న వంతెన దాటితే మేం, దాటకపోతే ఊరు.

జూన్ పద్దెనిమిదిన, మధ్యాహ్నం రెండూ ఇరవైకి, పెద్దమ్మ పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే వంటింటి గోడలోంచి పొగ వచ్చింది. పాత వైర్లు. లోపల ఆమె తమ్ముడు, మా హోసియా మావయ్య, మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. పెద్దమ్మ అక్కడి నుంచే ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి ఇల్లు అంటుకుందని, లోపల మనిషున్నాడని చెప్పింది. నాలుగిళ్ళ అవతల ఉన్న నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి వంటింటి కిటికీ పగిలి మంట బయటికొస్తోంది.

అందరికంటే ముందు వచ్చింది వెండెల్. కలప మిల్లులో మెకానిక్ అతను. ఊరి ఫైర్ బ్రిగేడ్‌లో పందొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. జీతం లేని పనే, ఊళ్ళోవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి నడుపుకునేది. అందులో నల్లవాడు అతనొక్కడే. సొంత పికప్ బండిలో ఒంటరిగా వచ్చాడు, దిగాడు, చూశాడు, బ్రిగేడ్ రేడియోలో ఏదో చెప్పాడు. తడి దుప్పటి కప్పుకుని లోపలికి రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ పొగ వెనక్కి తోసేసింది. పెద్దమ్మ తనే వెళ్ళబోతే వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని ఆపాడు. "ఇంజను వస్తోంది అత్తయ్యా, వచ్చేస్తోంది" అని ఎన్నిసార్లన్నాడో. ఆమె అతని చేతుల్ని గోళ్ళతో రక్కింది.

ఫైరింజన్ రెండూ యాభై నాలుగుకి వచ్చింది. స్టేషన్ మాకు ఐదు కిలోమీటర్లు.

మావయ్యని బయటికి తెచ్చింది లోర్న్ వీనో. వెండెల్‌కి ప్రాణస్నేహితుడు. చలికాలం గడ్డకట్టిన చెరువు మంచుకి కన్నం వేసి ఇద్దరూ కలిసే చేపలు పట్టేవాళ్ళు. లోర్న్ మావయ్యని గడ్డి మీద పడుకోబెట్టి, హెల్మెట్ తీసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. అది నేను అబద్ధం చెప్పను.

అంత ఆలస్యం ఎందుకైందని ఆ రోజు నేనడగలేదు. నా మొగుడు అందరికంటే ముందొచ్చాడని లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

చర్చిలో మావయ్య పెట్టె పక్కన మేం కూర్చుంటే బ్రిగేడ్ వాళ్ళు నీలం చొక్కాలతో గుమ్మం బయట వరసగా నిలబడ్డారు. వెండెల్ నా పక్కన కూర్చోలేదు. ఆ వరసలో నిలబడ్డాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. ఉప్పు గొడవ ఆ మర్నాటి నుంచే మొదలైంది.

తర్వాతి వారం మేయర్ హెన్నిగర్ ఆపిల్ పై, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె, తీసుకుని మా ఇంటికొచ్చింది. మా దుఃఖంలో ఊరంతా పాలుపంచుకుంటోందనీ, ఆ రోజు ఏం జరిగిందో బ్రిగేడ్ చీఫ్ క్రౌస్ స్వయంగా విచారించి రిపోర్టు ఇస్తాడనీ చెప్పింది. పెద్దమ్మ ఆ పళ్ళెం వైపు చూడలేదు. ఆలస్యమైంది ఎవరి ఇంజను అనడిగింది. బ్రిగేడ్‌ది అంది మేయర్. విచారించేది ఎవరు అనడిగింది పెద్దమ్మ. మేయర్ రుమాలు సర్దుకుంది.

"పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుంటాడన్నమాట" అంది పెద్దమ్మ. "తీసుకెళ్ళమ్మా ఆ ఆపిల్ పై. నీకే పనికొస్తుంది."

ఆ ఆదివారం చర్చి హాల్లో కూర్చుని మా రోడ్డువాళ్ళు కౌన్సిల్‌కి అర్జీ రాశారు. పెద్దమ్మ చెబుతుంటే పాస్టరుగారి భార్య టైపు చేసింది. ఒక కమిషన్ వెయ్యాలి. అందులో ఊరి కౌన్సిల్ మనిషి ఉండకూడదు, బ్రిగేడ్ మనిషి ఉండకూడదు, మేయర్ చెప్పుచేతల్లో ఉండకూడదు. ఊరి కాగితం ఏది అడిగితే అది తెరిచి చూపించాలి, ఎవర్ని పిలిస్తే వాళ్ళు రావాలి. ఒక్క ఫైరింజన్ సంగతే కాదు. మంచులో మా రోడ్డు మూడో రోజుకి గానీ శుభ్రం కాకపోవడం, స్కూల్లో మా పిల్లల్ని వెనక గదికి పంపడం, పోలీసు బండి వంతెన దగ్గర ఆగి మమ్మల్నే చూడటం, అన్నీ ఆ కమిషన్ కిందికి రావాలి. పైన పేరు పెట్టారు: వ్యవస్థలో పాతుకుపోయిన జాతివివక్షపై స్వతంత్ర కమిషన్.

ఆ పేరు మేయర్‌కి గుచ్చుకుంది. ఈసారి ఆపిల్ పై లేకుండా వచ్చింది. 'వ్యవస్థ', 'జాతివివక్ష' అన్న రెండు మాటలూ తీసేస్తే కౌన్సిల్లో తనే ప్రతిపాదిస్తానంది. 'సామరస్య సలహా సంఘం' అని పెట్టుకుందామంది. ఇక్కడి జనం మంచివాళ్ళనీ, వాళ్ళని జాతివివక్ష చేసేవాళ్ళంటే మనసు నొచ్చుకుంటారనీ చెప్పింది.

పెద్దమ్మ ఆ కాగితం ఆమె ముందుకు జరిపింది. "నువ్వు రెండో క్లాసులో నా దగ్గర రోజూ రెండోసారి పులుసు పోయించుకునేదానివి కరోల్. నువ్వు చెడ్డదానివని నేనన్నానా? ఎవడో ఒకడు చెడ్డవాడని ఈ కాగితంలో ఎక్కడైనా ఉందా? ఒక్క చెడ్డవాడు కూడా లేకుండానే మా తమ్ముడు చచ్చిపోయాడు. దాన్నేమంటారో ఆ మాటే రాశాను."

మేయర్ వెళ్ళిపోయింది. ఆ వారం నుంచే ఊరు మా మీద తిరగబడింది.

సంతకాల కోసం ఊళ్ళోకి నేనే వెళ్ళాను. వెనక రోడ్డులో రెండొందల పన్నెండు వచ్చాయి, ఊళ్ళో నెలంతా తిరిగితే ముప్ఫై ఒకటి. కొందరు తలుపు తియ్యలేదు, తెర కదలడం మాత్రం కనిపించేది. పన్నెండేళ్ళుగా నేను పనిచేసే బేకరీలో నా చేతి నుంచి రొట్టె కొనుక్కున్న ఒకావిడ, మీకిక్కడ ఏం తక్కువైందమ్మా అనడిగింది. ఒకాయన అర్జీ మొత్తం చదివి, సంతకం పెట్టే చోట కాఫీ కప్పు పెట్టి, తడి గుండ్రం పడ్డాక తిరిగిచ్చాడు. మెయిన్ స్ట్రీట్ బేకరీలో నేను కౌంటర్ దగ్గర నిలబడితే జనం రెండో అమ్మాయి ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్ళు. జూలై సగానికి ఇళ్ళ ముందు గడ్డిలో ఒకే రకం బోర్డులు మొలిచాయి: మా బ్రిగేడే మా గర్వం. ఒకటి తెచ్చి సరిగ్గా వంతెనకి ఇవతల, మా రోడ్డు మొదట్లో పాతారు.

ఒక పొద్దున పోస్టు డబ్బా తెరిస్తే ఎరకి వాడే కుళ్ళిన హెర్రింగ్ చేపలు కుక్కి ఉన్నాయి. ఉత్తరాలన్నీ ఆ నీళ్ళల్లో నానిపోయాయి. వెండెల్ డబ్బా పీకి, వాగు దగ్గర కడిగి, మళ్ళీ బిగించాడు.

అతను మాత్రం సంతకం పెట్టలేదు. కాగితం మూడు వారాలు మా ఫ్రిజ్ మీదే ఉంది. నేనడిగితే, వాళ్ళు మంచివాళ్ళు డెల్సీ అనేవాడు. లోర్న్ ఏడవడం చూడలేదా అనేవాడు. చూశానని చెప్పాను. ముప్ఫై నాలుగు నిమిషాలు కూడా చూశానని చెప్పాను. ఆ తర్వాత అతను సాయంత్రాలు స్టేషన్‌లోనే తినడం మొదలుపెట్టాడు. నేను అతని కంచం కడిగి అల్మారాలో బోర్లించి, ఇక తీయడం మానేశాను.

ఆగస్టు మొదట్లో ఒక శనివారం లోర్న్ వచ్చి మా మెట్ల మీద కూర్చున్నాడు. బీరు తనే తెచ్చుకున్నాడు. నేను లోపల కిటికీ దగ్గర బీన్స్ తుంచుతున్నాను. నాకు వినిపించాలనే గట్టిగా మాట్లాడాడు.

"ఒరేయ్ వెండెల్, మీ ఆవిడ మమ్మల్నందర్నీ బోనెక్కిస్తుందంటగా. నాకు సూట్ కూడా లేదురా, పెళ్ళిదే ఉంది, పొట్ట పట్టదు."

వెండెల్ నవ్వాడు. లోర్న్ కూడా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, మీటింగ్‌కి యూనిఫారం వేసుకుని రా, మాతో నిలబడు, నువ్వుంటే చాలు అన్నాడు. నువ్వుంటే చాలు అంటే ఏమిటో నాకర్థమైంది. వెండెల్ వస్తానన్నాడు.

ఆ పూట నేను వెండెల్‌తో అన్న మాటలు ఇక్కడ రాయను. వాళ్ళ గోడకి వేలాడే బొమ్మవి నువ్వు అన్నది అందులో అన్నిటికంటే చిన్న మాట.

ఆగస్టు ఇరవైన, సాయంత్రం ఆరింటికి కౌన్సిల్ మీటింగ్. కిటికీలన్నీ తీసినా హాల్లో ఊపిరాడటం లేదు. మా వాళ్ళు ఎడమ వైపు కుర్చీల్లో, ఊరు కుడి వైపు. బ్రిగేడ్ వాళ్ళు నీలం చొక్కాలతో గోడవారగా నిలబడ్డారు, వాళ్ళ మధ్యలో వెండెల్. ముందు వరసలో ఉన్న పెద్దమ్మ ఆ గోడ వైపు తిరగలేదు.

ఆమె తన కాగితం చదివింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వెనకనుంచి ఎవరో ఆవులించారు, కావాలనే, పొడుగ్గా.

తర్వాత చీఫ్ క్రౌస్ లేచాడు. ఆ రోజు మనుషులు పనుల్లో ఉండటం వల్ల ఆలస్యమైందనీ, జరిగింది దురదృష్టమనీ, ప్రాణాలకి తెగించే మనుషుల మీద బయటివాళ్ళని కాపలా పెట్టడం అవమానమనీ చెప్పాడు. "మా పుస్తకాల్లో వెనక రోడ్డుకొక రూలూ, ఊరికొక రూలూ ఉందని చూపించండి, ఇప్పుడే రాజీనామా చేస్తాను" అన్నాడు. కుడి వైపు చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక గోడ దగ్గరనుంచి వెండెల్ గొంతు వినిపించింది. పెద్దగా ఏమీ అనలేదు. మిల్లులో ఏ నట్టు వదులైందో చెప్పే గొంతే అది.

"పుస్తకంలో లేదు చీఫ్. ఫోన్లో ఉంది."

ఏమన్నావని అడిగింది మేయర్.

"వెనక రోడ్డు నుంచి కాల్ వస్తే ముందు నాకు ఫోన్ చేస్తారు. నిజమో కాదో చూసి రమ్మంటారు. నేను వెళ్ళి, చూసి, నిజమేనని చెప్పాక మనుషుల్ని పిలుస్తారు. ఇంజను అప్పుడు కదులుతుంది. పందొమ్మిదేళ్ళుగా అంతే. ఆ రోజు నేను మిల్లులో ఉన్నాను. వెళ్ళడానికి పదహారు నిమిషాలు పట్టింది."

"కూర్చోరా వెండెల్" అన్నాడు లోర్న్ మెల్లగా. కూర్చోడానికి అక్కడ కుర్చీ లేదు. "నీకు మనసు బాలేదు."

"ఆ రోజు ఫోన్ చేసింది నువ్వే కదా లోర్న్. నువ్వు తప్పుగా ఏం చెయ్యలేదు. ఎప్పుడూ చేసేదే చేశావు."

కౌన్సిలర్లలో ఒకాయన ఉన్నాడు, మందుల షాపు జ్వికర్. అప్పటిదాకా కమిషన్ వద్దన్న ఐదుగురిలో ఆయన ఒకడు. ఆయన కళ్ళజోడు తీసి, మెయిన్ స్ట్రీట్ నుంచి కాల్ వస్తే ఎవరు వెళ్ళి చూసొస్తారు అనడిగాడు.

"ఎవరూ చూడక్కర్లేదండి" అన్నాడు వెండెల్.

చీఫ్ తన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. గోడవారగా ఉన్న నీలం చొక్కాలు అటూ ఇటూ కాస్త కాస్త జరిగాయి. వెండెల్ చుట్టూ జాగా ఏర్పడింది.

ఓటు పెట్టారు. నాలుగు, మూడు. జ్వికర్‌తో పాటు స్కూలు టీచరొకావిడ కూడా చెయ్యెత్తింది. కమిషన్ ఏర్పడింది, పేరులో ఒక్క మాట కూడా పోకుండా. మా వైపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి పికప్‌లో ఇద్దరమే వచ్చాం. ఇంకా ఎండ ఉంది. ఊరు దాటాక నేనడిగాను.

"మిల్లుకి ఫోనొచ్చినప్పుడు అది మావయ్య ఇల్లని నీకు తెలుసా?"

"తెలుసు. చెప్పారు."

"మంచం మీదున్న మనిషని తెలుసు."

"తెలుసు."

"నేను చూడక్కర్లేదు, ఇంజను పంపండి అని అక్కడే ఎందుకనలేదు?"

వంతెన మీదికొచ్చాం. బోర్డు దాటాక బండి నెమ్మది చేశాడు.

"అనొచ్చని నాకు తోచలేదు డెల్సీ" అన్నాడు.

పెద్దమ్మ మాకంటే ముందే ఇల్లు చేరింది. ఆమెకి మిగిలిన బట్టలన్నీ ఒక్క సంచిలో పట్టాయి. అది వంటింటి టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది. వెండెల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తొమ్మిది వారాల తర్వాత ఆమె అతని మొహం చూసి మాట్లాడింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అల్లుడూ?"

"నన్ను నమ్మి పంపుతున్నారనుకున్నాను అత్తయ్యా."

"నిన్ను నమ్మారు. మమ్మల్ని నమ్మలేదు."

అతను తలొంచుకున్నాడు. తను మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు అది నిజంగానే ఉత్త కాల్ అని, పిల్లలెవరో ఆకతాయిగా చేశారని, ఆ ఒక్కసారికే అనుకున్నానని చెప్పాడు. ఊళ్ళో పిల్లలు కూడా ఆకతాయిగా ఫోన్ చేసేవాళ్ళని తర్వాత గుర్తుకొచ్చిందన్నాడు. ఎప్పుడు గుర్తొచ్చిందని అడిగింది పెద్దమ్మ. మావయ్య సమాధి దగ్గర అన్నాడు.

"ఈ రోజు నువ్వు చెప్పింది మంచిదే" అంది ఆమె, సంచి తీసుకుంటూ. "నువ్వు చెప్పకపోతే వీళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. అది నేనెక్కడైనా చెబుతాను. కానీ నీ ఎదురుగా కూర్చుని తినలేను."

పాస్టరుగారింట్లో ఒక గది ఇచ్చారు. అక్కడికి వెళ్ళిపోయింది. వెండెల్ సంచి మోస్తానంటే మొయ్యనివ్వలేదు. నేనూ ఆమెతో వెళ్ళిపోవాలనుకున్నాను. ఎందుకు వెళ్ళలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అల్మారాలోంచి అతని కంచం తీసి టేబుల్ మీద పెట్టాను. అతను తినలేదు. నేనూ తినలేదు.

సెప్టెంబరులో బట్టలుతికే షాపు పైన, ఖాళీగా పడున్న రెండు గదుల్లో కమిషన్ ఆఫీసు తెరిచారు. ముగ్గురూ బయటివాళ్ళే: రిటైరైన ఒక జడ్జి, ఇక్కడి ఆదివాసులైన మిగ్‌మా తెగకి చెందిన ఒక నర్సు, నగరం నుంచి వచ్చిన ఒక నల్ల ఇంజనీరు. వాళ్ళకి కుర్చీలమ్మడానికి ఊళ్ళో షాపువాడు స్టాకు లేదన్నాడు. చర్చి హాలు నుంచి మోసుకెళ్ళాం. మొదటి వారమే ఎవరో తలుపు తాళంలో జిగురు పోశారు. జడ్జిగారు మెట్ల మీద కూర్చునే మొదటి వాంగ్మూలం తీసుకున్నారు.

వెండెల్ రెండు రోజులు వెళ్ళి చెప్పాడు. తేదీలు, ఇళ్ళు, గుర్తున్నవన్నీ. ఇరవై మూడుసార్లు చూసొచ్చాడట. ఇరవై ఒకటి నిజమైనవే. మావయ్యకి ముందు ఎవరూ చనిపోలేదు కాబట్టి ఎవరూ లెక్క చూడలేదు. బ్రిగేడ్ నుంచి ఉత్తరం వచ్చింది, కోటూ హెల్మెట్టూ తిరిగిచ్చేయమని. మిల్లులో అతని టిఫిన్ డబ్బా పెట్టుకునే అరలో ఎవరో కాగితం అంటించారు: ముందు వెళ్ళి చూసి రా. దాన్ని చింపకుండా మడిచి తెచ్చి నాకు చూపించాడు. నేను చదివి మళ్ళీ అతని చేతికే ఇచ్చాను. అది కూడా జడ్జిగారికిచ్చాడు.

కమిషన్ మొదటి ఉత్తర్వు అక్టోబరులో వచ్చింది. ఏ రోడ్డు నుంచి కాల్ వచ్చినా ముందు ఇంజను కదలాలి. ఒక్క వాక్యం. దానికోసం మా వాళ్ళు ఒక వేసవంతా, ఒక మనిషినీ ఖర్చుపెట్టారు.

నెలాఖరులో ఒక పొద్దున మా రోడ్డు చివర ఎస్టెల్లా క్లైక్ ఇంటి పొగగొట్టం అంటుకుంది. ఆమె బయటికొచ్చి నిలబడి ఫోన్ చేసింది. అందరం రోడ్డు మీదికొచ్చాం. వెండెల్ కూడా వచ్చి జేబుల్లో చేతులు పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. సైరన్ వంతెన మీద వినిపించింది. తొమ్మిది నిమిషాలు.

లోర్న్, మరో నలుగురు దిగారు. ఒక్కళ్ళూ మా వైపు చూడలేదు. నిచ్చెన వేశారు, పైపు లాగారు. చక్కగా, తడబాటు లేకుండా చేశారు. కంచె మలుపు దగ్గర పైపు మెలిక పడి నీళ్ళు ఆగిపోయాయి. వెండెల్ రెండడుగుల్లో అక్కడికి వెళ్ళి వంగాడు. లోర్న్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మీరు కొంచెం వెనక్కి జరగండి సార్" అన్నాడు.

వెండెల్ వంగినవాడు వంగినట్టే ఒక క్షణం ఉండి, తర్వాత లేచి నా దగ్గరికొచ్చేశాడు. లోర్న్ మెలిక విప్పాడు. నీళ్ళు పైకెళ్ళాయి. ఎస్టెల్లా ఇల్లు నిలిచింది.

పెద్దమ్మ రోడ్డుకి అటు పక్కనుంచి అంతా చూస్తోంది. ఇంజను వెనక్కి తిరుగుతుంటే శాలువా సర్దుకుని రోడ్డు దాటి మా దగ్గరికొచ్చింది. వెండెల్ ఆమె నిలబడటానికి తన పక్కన జాగా ఇచ్చాడు. ఆమె అతని ముందునుంచే నడిచి, నాకు రెండో పక్కకి వచ్చి నిలబడింది.